మామ: శబ్దం పసిపిల్లది, అర్థం పెద్దలది

మాతృభాషా దినోత్సవ సభకు వచ్చిన పెద్దలకు, పిల్లలకు నమస్కారం. స్వాగతాలు చాలానే అయ్యాయి, నేరుగా విషయంలోకి వస్తాను. ఈ రోజు ఒక్క మాట గురించే చెబుతాను: మామ.

జార్జియా దేశంలో ‘మామ’ అంటే తండ్రి. తల్లిని ‘దెద’ అంటారు. చైనా భాషలో, ఆఫ్రికాలోని స్వాహిలీలో మామ అంటే తల్లి. టర్కీలో పసివాళ్ల తిండి ‘మామ’, జపాన్‌లో ‘మమ్మ’. మనం కూడా చంటివాణ్ణి ‘మమ్మం తింటావా’ అని అడుగుతాం కదా! ఇవేవీ ఒకే కుటుంబపు భాషలు కావు.

ఒక్కసారి అందరూ పెదవులు మూసి ‘మ్’ అనండి. గాలి ముక్కులోంచి వస్తోందా? అలాగే నోరు తెరవండి, ‘మ’ వచ్చేసింది. నాలుకకు పనే లేదు. పాలు తాగుతూ నోరు ఖాళీ లేని బిడ్డ చేయగల శబ్దం ఆ ‘మ్’ ఒక్కటే. భాషావేత్త రోమన్ యాకబ్సన్ 1960 నాటి వ్యాసంలో చెప్పింది ఇదే. ఆయన ముందున్నవి లోకంలోని నానా భాషల నుంచి పోగైన, తల్లినీ తండ్రినీ పిలిచే 1,072 మాటలు. తల్లి మాటల్లో 55 శాతానికి మ, న వంటి అనునాసికాలున్నాయి, తండ్రి మాటల్లో 15 శాతానికే. మన ‘నాన్న’ ఆ 15 శాతం వైపు మాట. జార్జియా ‘మామ’ కూడా అంతే. శబ్దం బిడ్డ చేస్తుంది, అది ఎవరిని పిలిచినట్టో ఇంటి పెద్దలు తేలుస్తారు.

మన పెద్దలు తేల్చిన తీరు చూడండి. అమ్మ తమ్ముడూ మామే, భార్య తండ్రీ మామే, భర్త తండ్రీ మామే. మేనరికంలో మేనమామే పిల్లనిచ్చిన మామ అవుతాడు కనుక ఒక్క పిలుపు సరిపోయింది. హిందీలో మామా అంటే తల్లి సోదరుడే, పిల్లనిచ్చినవాడు ససుర్. శబ్దం ఒకటే అయినా పెళ్లి కట్టుబాటు వేరు.

ఇక నా బాధ చెబుతాను. కొరియాలో తల్లి ‘ఒమ్మా’, తండ్రి ‘అప్పా’ కనుక కొరియన్ మన భాషకు చెల్లెలని ఫోన్లలో తెగ తిప్పుతున్నారు. అయ్యా, అమ్మా, పసిపలుకులతో చుట్టరికం కలపకండి! ముందు వాటిని పక్కన పెట్టండి. అరువు మాటల్నీ, కిచకిచ, గలగల లాంటి ధ్వన్యనుకరణల్నీ తీసేయండి. మిగిలినవాటిలో ఒకే తేడా మళ్లీ మళ్లీ కనిపించాలి. మన చెవి కన్నడంలో కివి. మన చెరువు కెరె. మన చెడు కెడు. ఇ, ఎ ముందున్న పాత ‘క’ తెలుగులో ‘చ’ అయింది, కన్నడంలో అలాగే ఉండిపోయింది. చుట్టరికం అంటే ఇదీ.

కొరియన్‌లోనూ చెవిని ‘గ్వి’ అంటారు, కివిలా లేదా అని ఎవరైనా అడగవచ్చు. అప్పుడు చెరువును ఏమంటారో అడగండి. అక్కడ దాన్ని ‘మోత్’ అంటారు.