డోలక్ వాయించింది ఎవరు? ఒక వాద్యకారుడి సొంత వెబ్‌సైటు

నమస్కారం. నేను నల్లగొండలో ఉంటాను. హార్మోనియం, కీబోర్డు వాయిస్తాను. పెళ్లి సంగీతాలు, భజనలు, జాతర వేదికలు, జానపద పాటల రికార్డింగులు, వీటి మీదే నా ఇల్లు నడుస్తుంది.

పోయిన ఏడాది మాఘంలో దేవరకొండ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ఒక పాట పేరు చెప్పి, "అందులో డోలక్ వాయించింది ఎవరు బాబూ? మా అమ్మాయి పెళ్లికి ఆయనే రావాలి" అన్నారు. ఆ రికార్డింగులో నేనూ ఉన్నాను కనుక ఆయనెవరో నాకు తెలుసు. నన్ను పట్టుకోవడానికి మాత్రం ఆ పెద్దాయన నలుగురిని అడగవలసి వచ్చింది. ఆ పాట వీడియో కింద గాయని పేరు ఉంది, రాసినవారి పేరు ఉంది, కెమెరా, ఎడిటింగ్, చివరికి డ్రోన్ ఎగరేసిన అబ్బాయి పేరు కూడా ఉంది. డోలక్ వాయించినవారి పేరు లేదు. ఆ పాట మొదలైన అర నిమిషం దాకా డోలక్ తప్ప మరేమీ వినిపించదు!

ఆ రోజే అనుకున్నాను, సొంత వెబ్‌సైటు మళ్లీ కట్టాలని. మాఘం, ఫాల్గుణం, వైశాఖం పెళ్లిళ్లతో ఊపిరాడలేదు. ఆషాఢం రాగానే కూర్చున్నాను.

"మళ్లీ" అన్నాను కదా. అంతకుముందు నాకు ఒక వెబ్‌సైటు ఉండేది. ఒక దుకాణంలో డబ్బులిచ్చి చేయించుకున్నాను. చూడడానికి బాగానే ఉంది. కార్డులు 500 అచ్చు వేయించి పంచాను. రెండేళ్లు గడిచాక ఒక రోజు ఆ చిరునామా తెరుచుకోలేదు. ఆరా తీస్తే తెలిసింది, నా పేరుతో ఉన్న డొమైన్, అంటే ఆ వెబ్‌సైటు చిరునామా, నా పేరు మీద నమోదు కాలేదు. దుకాణంలో పనిచేసిన కుర్రవాడు తన ఈమెయిలుతో నమోదు చేశాడు. గడువు ముగుస్తోందని వచ్చిన హెచ్చరికలన్నీ అతని మెయిలుకే వెళ్లాయి. అతను ఊరు మారాడు, దుకాణం మూతపడింది, గడువు దాటిపోయింది, ఆ పేరును ఇంకెవరో కొనుక్కున్నారు. పంచిన కార్డులన్నీ ఎవరో తెలియనివాళ్ల గుమ్మానికి దారి చూపిస్తున్నాయి.

అందుకే ఈ వీడియోలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకున్నా చాలు: డిజైన్ ఎవరితోనైనా చేయించుకోండి, డొమైన్ మాత్రం మీ ఈమెయిలుతో, మీ ఫోను నంబరుతో, మీరే కొనండి. డాట్ ఇన్ చిరునామాకు ఏడాదికి కొన్ని వందల రూపాయలు అవుతుంది. మొదటి ఏడాది తక్కువ చూపించి రెండో ఏడాది పెంచేవాళ్లుంటారు, కనుక పునరుద్ధరణ ధర ఎంతో ముందే చూడండి. ఒకేసారి పదేళ్ల వరకు కట్టుకోవచ్చు. నేను ఐదేళ్లకు కట్టాను. ఇప్పటికే ఎవరితోనైనా చేయించుకుని ఉంటే ఈ రోజే అడగండి, నా డొమైన్ ఎవరి ఖాతాలో ఉందని. డొమైన్ వేరేచోటికి మారకుండా వేసే లాక్ తీయించి, బదిలీ కోడ్ తీసుకుని మీ ఖాతాలోకి మార్చుకోవచ్చు. అడగడానికి మొహమాటపడకండి.

"వీడియో చానల్ ఉంది, ఇన్‌స్టాగ్రామ్ ఉంది, వెబ్‌సైటు ఎందుకన్నా?" అని నా తోటివాళ్లు అడుగుతారు. ఆ చానళ్లు నాకూ ఉన్నాయి, వాటి వల్లే పనులు వస్తున్నాయి, కాదనను. కానీ 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించినప్పుడు ఏమైందో గుర్తు తెచ్చుకోండి. పాటకు పాట జోడించి వేలమంది అభిమానులను కూడగట్టుకున్న పల్లె గాయకులకు ఆ దారి ఉన్నట్టుండి మూసుకుపోయింది. మైస్పేస్ అని ఒకప్పుడు సంగీతకారులందరూ చేరిన చోటు ఉండేది. అక్కడ 2015 దాకా ఎక్కించిన పాటలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో బయటపడింది. అయిదు కోట్లకు పైగా పాటలని వార్తలు వచ్చాయి. అద్దె ఇంట్లో ఉండడం తప్పు కాదు. పట్టా కాగితాలు, తాతల ఫోటోలు మాత్రం సొంత పెట్టెలో పెట్టుకుంటాం కదా.

ఇక కట్టడం సంగతి. నాకు ప్రోగ్రామింగ్ రాదు. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ మాత్రం నెల రోజుల్లో నేర్చుకున్నాను. మనకు డేటాబేసులు, లాగిన్‌లు అక్కర్లేదు. నాలుగు పేజీలు, కొన్ని ఫోటోలు, కొన్ని పాటలు, అంతే. అలాంటి సాదా పేజీలను గిట్‌హబ్ పేజెస్ అనే సేవ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచుతుంది, మన సొంత డొమైన్‌నూ తగిలించుకోనిస్తుంది. ఒక సైటుకు ఒక జీబీ పరిమితి. 128 కేబీపీఎస్ నాణ్యత ఉన్న ఎంపీ3లో నిమిషం పాటకు దాదాపు ఒక ఎంబీ పడుతుంది, అంటే నాలుగు నిమిషాల పాటలు వంద పెట్టినా సగం కూడా నిండదు.

ఫోటోల దగ్గర జాగ్రత్త. ఫోనులో తీసినది ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది. నల్లమల అంచున లింగాల వైపో, అచ్చంపేట అవతలో సిగ్నల్ సన్నగా ఉన్నచోట ఒకరు మీ పేజీ తెరిచి చూస్తున్నారనుకోండి. ఫోటో వచ్చేలోపు ఆయన ఇంకొకరికి బయానా ఇచ్చేస్తారు. నేను ప్రతి ఫోటోను 150 కేబీకి తగ్గించాను. పేజీ తెరవగానే పాట మోగాలని కొందరికి సరదా, అది వద్దు. అడగకుండా శబ్దం వస్తే క్రోమ్ బ్రౌజరు 2018 నుంచే చాలావరకు ఆపేస్తోంది. నొక్కినప్పుడే పాట దిగేలా పెట్టండి.

తెలుగు అక్షరాల గురించి ఇంకాస్త చెప్పాలి. మన ఊళ్లలో పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు ఎక్కువగా అను ఫాంట్లలో చేస్తారు. ఆ అక్షరాలు ముద్రణకు అందంగా ఉంటాయి. అదే మాటర్ తెచ్చి వెబ్ పేజీలో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. దాన్ని బొమ్మగా పెడితే కంటికి కనిపిస్తుంది, వెతికితే దొరకదు. ఏ ఫోనులోనైనా, కంప్యూటరులోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లో మళ్లీ టైపు చేయండి. మల్లన్న, రామభద్ర, మండలి వంటి మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి.

టైపు చేసేటప్పుడు ఊరి పేరు ఎన్ని రకాలుగా పలుకుతారో ఆలోచించండి. నల్లగొండ అని వెతికేవారుంటారు, నల్గొండ అని వెతికేవారుంటారు. పాలమూరు అనేవారు ఒకరు, మహబూబ్‌నగర్ అనేవారు ఒకరు. 2016లో జిల్లాలు విడిపోయాక సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వాళ్లు తమ జిల్లా పేరుతోనే వెతుకుతారు. ఇవన్నీ మీ మాటల్లో సహజంగా వచ్చేలా రాయండి. మనిషి పేరు కూడా అంతే. పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్న మన నాగర్‌కర్నూల్ బిడ్డ పేరును మొగులయ్య అని కొందరు, మొగిలయ్య అని కొందరు రాస్తున్నారు. అంత పేరున్న కళాకారుడికే ఇలా ఉంటే, మన పేరు ఎలా రాయాలో మనమే ఒకచోట స్థిరంగా రాసి పెట్టుకోకపోతే ఎలా?

మొదటి పేజీలో నేను పెట్టినవి కొద్దే: ఏం వాయిస్తాను, ఎంత దూరం వస్తాను, ఏ శ్రుతుల్లో పాడేవారికి సహకరించగలను, వేదిక మీద మైకులు, మా వాయిద్యం మాకు వినిపించే మానిటర్ స్పీకర్లు ఎన్ని కావాలి, నొక్కగానే కలిసే ఫోను నంబరు. ధర రాయలేదు. పెద్దగట్టు జాతరలో రాత్రంతా వాయించడం, హాలులో రెండు గంటలు వాయించడం ఒకటి కావు కదా.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది నాలుగో పేజీ. దానికి "ఎవరెవరు వాయించారు" అని పేరు పెట్టాను. నేను పాల్గొన్న ప్రతి రికార్డింగుకూ పాట పేరు, ఏడాది, డోలక్ ఎవరు, డప్పు ఎవరు, తబలా ఎవరు, కోరస్ ఎవరు, అన్నీ రాశాను. ప్రతి ఒక్కరినీ అడిగి, వాళ్లు చెప్పిన వర్ణక్రమంలోనే రాశాను. ఇష్టపడినవాళ్ల నంబరు కూడా ఇచ్చాను. ఇది మనం చేసుకునే దయాధర్మం అనుకోకండి. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ చేసి 38బి అనే సెక్షన్ చేర్చారు. ప్రదర్శన ఇచ్చినవారిగా తనను గుర్తించమని అడిగే హక్కు కళాకారుడికి ఉందని అది చెబుతుంది. వాడే తీరును బట్టి పేరు వేయడం కుదరని సందర్భాలకు మినహాయింపు ఉంది, కానీ డ్రోన్ అబ్బాయి పేరుకు చోటున్నప్పుడు డోలక్ పేరుకు చోటు లేదని ఎవరూ అనలేరు. మరొకరి రికార్డింగును వాళ్ల అనుమతి లేకుండా మన సైటులో పెట్టకపోవడం కూడా ఈ గౌరవంలో భాగమే. నేను అలాంటి పాటల వివరాలు రాసి, అసలు వీడియోకు లింకు ఇచ్చాను.

దేవరకొండ పెళ్లిలో వాయించిన మా డోలక్ అన్నకు ఈ పేజీ ఫోనులో చూపించాను. ఆయన వేలితో మెల్లగా పైకి జరుపుతూ పదిహేడు పాటలు లెక్కపెట్టారు. తర్వాత, "ఇందులో రెండు పాటలకు నేను తాళాలు కూడా వేశాను, రాయలేదు" అన్నారు. ఆ రాత్రే చేర్చాను.

ఆ పేజీలో ఇంకా ఖాళీలు ఉన్నాయి. కురుమూర్తి జాతర మీద చేసిన ఒక పాత పాటలో ఇద్దరు డప్పు వాయించారు. చిన్నచింతకుంట నుంచి వచ్చారని నా నోటుబుక్కులో ఉంది, పేర్లు లేవు. అప్పుడు నేను అడగలేదు. ఒకాయన ఎడమచేతి వాటం, డప్పు కుడి భుజానికి ఆనించుకుని వాయించారు. ఆయన మీకు తెలిసినవారైతే, ఆయన పేరు ఎలా రాయాలో ఆయననే అడిగి నాకు పంపండి.