తెల్ల పగడం ఫొటో మనల్ని మోసం చేస్తోంది!

ఈ ఫొటో చూడండి. నీలి నీళ్లలో తెల్లగా మెరిసిపోతున్న పగడాలు. నోట్లోంచి 'అబ్బ!' అని వచ్చింది కదా? సరిగ్గా అక్కడే మోసపోయాం. మీరు చూసింది ఎముకలు!

పగడం కండలో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. దానికి తిండి పెట్టేది, రంగు ఇచ్చేది ఆ నాచే. నీళ్లు బాగా వేడెక్కితే పగడం దాన్ని బయటికి గెంటేస్తుంది. ఇక మిగిలేది అద్దంలాంటి పల్చటి కండ, దాని కింద తెల్లటి అస్థిపంజరం. కొన్నయితే ఆ అవస్థలో ఊదా, నీలం రంగుల్లో ఇంకా ధగధగలాడతాయి! ఆకలితో చస్తున్న జీవి అంత అందంగా ఉంటే మనకు టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే నేను గట్టిగా చెబుతున్నా. సముద్రం గోడు చెప్పడంలో ఫొటో ఓడిపోయింది. శిల్పం గెలిచింది.

2022 అక్టోబరులో లండన్‌లో వాన్ గో గీసిన పొద్దుతిరుగుడు పూల చిత్రం మీద ఇద్దరు వాతావరణ ఉద్యమకారులు టమాటా సూప్ కుమ్మరించిన గొడవ అందరికీ గుర్తుంది. అద్దం ఉంది కాబట్టి చిత్రానికి ఏమీ కాలేదు. కానీ ఆ పిల్లలు అడిగిందేమిటి? కొత్త చమురు, గ్యాస్ తవ్వకాలు ఆపమని! అది ఎవరికి గుర్తుంది? అందరూ సూప్ గురించే మాట్లాడారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

చెప్పాల్సిన మాటను మరుగున పడనివ్వని బొమ్మ చూడాలంటే, ఇప్పుడు ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్ తీరానికి రండి. శిల్పి జేసన్ డికైర్స్ టేలర్ 2019 చివర్లో అక్కడి నీళ్లలో ఒక అమ్మాయిని నిలబెట్టాడు. పేరు 'ఓషన్ సైరన్'. ఆ నేల తల్లి బిడ్డలైన వుల్గురుకాబా తెగ పిల్ల రూపం. చీకటి పడిందంటే ఒళ్లంతా లైట్లు. దూరంగా గ్రేట్ బారియర్ రీఫ్ అనే పెద్ద పగడపు దిబ్బల వరుసలో, డేవీస్ రీఫ్ దగ్గరున్న వాతావరణ కేంద్రం నీటి వేడిని కొలిచి పంపుతుంది. చల్లగా ఉంటే నీలం. వేడెక్కే కొద్దీ ఎరుపు!

మనకు పగడం అంటేనే ఎరుపు కదా. ఉంగరంలో పొదిగేది వేరే జాతి, సరే. కానీ ఇక్కడ చూడండి, అక్కడ పగడం తెల్లబడే వేడికి ఇక్కడ ఈ పిల్ల ఎర్రబడుతుంది. దాన్ని చూసి 'ఎంత బాగుందో' అని ఊరుకోలేం.

"బొమ్మ పెడితే సముద్రం చల్లబడుతుందా? డబ్బు దండగ" అంటున్నారు కొందరు. థర్మామీటర్ పెట్టినా జ్వరం తగ్గదండీ! మరి అర్ధరాత్రి పిల్లాడి ఒళ్లు కాలిపోతుంటే ఇల్లంతా దానికోసమే ఎందుకు వెతుకుతారు?

ఆమెను నిలబెట్టిన కొన్ని నెలలకే, 2020లో, గ్రేట్ బారియర్ రీఫ్ మూకుమ్మడిగా తెల్లబడింది. 2022లో మళ్లీ. 2024లో మళ్లీ. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఆమెను చూశారా? మీరు వెళ్లిన రాత్రి ఏ రంగులో ఉందో నాకు చెప్పండి.