థాయ్ నేర్చుకోవాలంటే ఒక ఇంట్లో ఉండాలి

సభలో ఉన్న అందరికీ నమస్కారం.

థాయ్‌లాండ్ వెళ్లి ఒక కుటుంబంతో ఉంటూ భాష నేర్చుకుందామనుకునే మనవాళ్లు ముందుగా అడిగేది ఒకటే. "థాయ్‌లో సంస్కృతం మాటలు చాలా ఉన్నాయట కదా, మనకు తేలికేనా?"

ఉన్నాయి, నిజమే. భాష అక్కడ 'ఫాసా', గురువు 'ఖ్రూ', నగరం 'నఖోన్'. కానీ ఆ మాటలు ఎక్కువగా వినిపించేది బడిలో, ఆఫీసులో, వార్తల్లో. ఇంట్లో తిను, రా, కూర్చో, అన్నం, నీళ్లు, చెప్పులు అన్నీ చిన్న చిన్న అచ్చ థాయ్ మాటలు. మనకు సంస్కృతం తెచ్చిపెట్టే ధైర్యం వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అందుకే హోమ్‌స్టే కావాలంటాను. పుస్తకంలో సగం భాషే దొరుకుతుంది, రెండో సగం ఇళ్లలోనే ఉంటుంది.

మనకు అసలైన బలం వేరే చోట ఉంది. థాయ్‌లో హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా గట్టిగా పాటిస్తారు, అది మనకు పుట్టుకతో వచ్చింది. ఒత్తు అక్షరాలు కూడా అంతే ముఖ్యం. 'పా' అంటే పెద్దమ్మ, 'ఫా' అంటే బట్ట, 'బా' అంటే పిచ్చి. మూడింటికీ స్వరం, అంటే గొంతు లేచి దిగే తీరు, ఒకటే. తేడా అంతా మొదటి హల్లులోనే. ఆ 'ఫా' మనం 'ఫోన్'లో పలికేది కాదు, 'ప'కి ఒత్తు ఇచ్చి పలికేది. కాబట్టి నోట్‌బుక్‌లో మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోకండి. తెలుగు లిపిలో రాసుకుని, స్వరానికి పక్కన ఒక గీత పెట్టుకోండి. ఇది నేను అందరికీ పట్టుబట్టి చెప్పే మాట.

ఇక కష్టం స్వరాలతోనే. థాయ్‌కి ఐదు స్వరాలు. 'క్లై' అని సమంగా అంటే దూరం, పై నుంచి కిందికి జార్చి అంటే దగ్గర. మనం తెలుగులో ప్రశ్న వేసేటప్పుడు చివర గొంతు లేపుతాం. సందేహం వస్తే ఒకలాగా, విసుగు వస్తే ఇంకోలాగా సాగదీస్తాం. ఆ అలవాటు తీసుకెళ్లి థాయ్ మీద పెడితే మాటే మారిపోతుంది. అక్కడ ప్రశ్నకు చివర ఒక చిన్న మాట చేరుస్తారు, మిగతా మాటలన్నీ ఎవరి స్వరం మీద అవి నిలబడాలి. ఇది సూత్రంగా చెబితే నిమిషంలో అర్థమవుతుంది. నోటికి రావాలంటే మాత్రం ఆ ఇంటి అమ్మ పొద్దున్నుంచి రాత్రి దాకా అనే మాటలు చెవిలో పడుతూనే ఉండాలి. బ్యాంకాక్‌లోని ఏయూఏ భాషా కేంద్రంలో జె. మార్విన్ బ్రౌన్ అనే భాషావేత్త 1980లలో నడిపిన పద్ధతి కూడా ఇదే: ముందు బాగా విను, మాట దానంతట అదే వస్తుంది. మొదట్లో తక్కువ మాట్లాడినా టెన్షన్ పడకండి.

నన్ను బాగా ఆకట్టుకున్నది అక్కడి వరసలు. థాయ్‌లో నేను, నువ్వు అనే మాటల కంటే వరస పెట్టి పిలవడమే ఎక్కువ. మీకంటే పెద్దయితే 'ఫీ', చిన్నయితే 'నోంగ్'. కూరలమ్మే ఆమెకైనా ఒక వరస ఉంటుంది. మనమూ తెలియనివాళ్లను అక్కా, బాబాయ్ అంటాం కాబట్టి ఇది ఇట్టే పట్టుబడుతుందనిపిస్తుంది. కానీ లెక్క వేరు. అమ్మకో నాన్నకో అన్న అయితే 'లుంగ్', అక్క అయితే 'పా'. ఎవరి వైపన్నది ఇక్కడ పట్టింపు లేదు. అదే వాళ్ల తోడబుట్టిన చిన్నవాళ్లయితే ఆడా మగా తేడా పోయి, అమ్మ వైపు 'నా', నాన్న వైపు 'ఆ' అవుతారు. మేనమామకూ పిన్నికీ ఒకే పిలుపు! క్లాసులో పట్టిక గీసి నేర్చుకుంటే ఇది మర్నాటికి మర్చిపోతాం. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు "ఈయన్ని నేను ఏమని పిలవాలి?" అని ఆ ఇంటి అమ్మను అడిగితే మాత్రం గుర్తుండిపోతుంది.

టైమ్ కూడా అంతే. రాత్రి ఏడు గంటల నుంచి వాళ్ల లెక్క మళ్లీ ఒకటితో మొదలవుతుంది. 'సోంగ్ థుమ్', అంటే రెండు థుమ్, మనకు రాత్రి ఎనిమిది. భోజనానికి పిలిచిన వేళ ఇదేనని తెలియకపోతే ఆకలితో కూర్చోవాల్సి వస్తుంది.

ఊరు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. చియాంగ్ మాయి దగ్గర మే కంపోంగ్ లాంటి కొండ ఊళ్లలో హోమ్‌స్టేలు చాలా బాగుంటాయి. ముందు రోజు రాత్రి నానబెట్టి, వెదురు బుట్టలో ఆవిరికి వండిన జిగురన్నం చేత్తో ముద్ద చేసుకుని తినడం మనకు కొత్తే కాదు. కానీ ఇళ్లలో మాట్లాడుకునేది ఖమ్ మువాంగ్, ఉత్తరాది భాష. ఈశాన్యంలోని ఈసాన్‌లో లావోకు దగ్గరి భాష వినిపిస్తుంది. రెండూ అందమైనవే. మీకు కావలసింది బ్యాంకాక్ థాయ్ అయితే మాత్రం మొదట అయుత్తయ, అంఫావా లాంటి మధ్య ప్రాంతపు ఊళ్లు చూసుకోండి.

ఇల్లు కుదుర్చుకునే ముందు రెండు విషయాలు అడగండి. ఇంట్లో ముసలివాళ్లో పిల్లలో ఉన్నారా? మీతో ఇంగ్లీషు మాట్లాడకుండా ఉండటానికి వాళ్లకు ఇష్టమేనా? ఇంగ్లీషు ప్రాక్టీసు కోసమే అతిథిని పెట్టుకునే కుటుంబాలూ ఉంటాయి. అది వాళ్ల తప్పు కాదు, మీకు మాత్రం పనికిరాదు. ఇల్లు కుదిరాక గదిలో కూర్చోకండి. కూరగాయలు తరగండి, రోట్లో దంచండి, బజారుకు వెంట వెళ్లండి. వీలైతే ఏప్రిల్ 13 నుంచి 15 దాకా జరిగే సోంగ్‌క్రాన్, అంటే థాయ్ కొత్త సంవత్సరం పండగకు అక్కడుండేలా చూసుకోండి. ఎండలు మన ఎండల్లాగే ఉంటాయి. కానీ పట్నాల్లో పనిచేసే కొడుకులూ కూతుళ్లూ ఊరికి వస్తారు, ఇల్లంతా చుట్టాలతో నిండుతుంది, అన్ని వరసలూ ఒకేచోట వినిపిస్తాయి.