కోచ్‌ను మార్చమని ఎప్పుడు అరవాలి?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే, ఇంట్లో ఇడ్లీలు చల్లారిపోతుంటే, ఫుట్‌బాల్ గురించి వినడానికి బెంగళూరులో ఇంతమంది తెలుగువాళ్లు వస్తారని నేను అనుకోలేదు. క్రికెట్ అయితే కుర్చీలు చాలేవి కావు, ఆ సంగతి అలా ఉంచుదాం.

నేను ఆటగాణ్ణి కాను, బ్యాంకు ఉద్యోగిని. పదేళ్లుగా కంఠీరవ స్టేడియంలో టికెట్టు కొనుక్కుని అరుస్తున్నవాణ్ణి. మైదానం చుట్టూ పరుగుపందేల ట్రాక్ ఉండటం వల్ల అక్కడ ఆట మనకు ఎంత దూరంగా కనిపిస్తుందో వెళ్లినవారికి తెలుసు. అంత దూరం నుంచి కోచ్ ముఖం కూడా సరిగా ఆనదు. అయినా ఆయన బుర్రలో ఏముందో మనకు తెలిసిపోయినట్టే మాట్లాడతాం. నేను కూడా మాట్లాడాను. మాట్లాడి ఒక దోసె పోగొట్టుకున్నాను. ముందు ఆ కథ చెబుతాను.

2022 డిసెంబరు. మన ఊరి ఫుట్‌బాల్ జట్టు బెంగళూరు ఎఫ్‌సీ, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) పట్టికలో కింది సగంలో ఈదుతోంది. అంతకు కొన్ని నెలల ముందే డ్యూరాండ్ కప్ గెలిచిన జట్టు అది. కోచ్ ఇంగ్లండుకు చెందిన సైమన్ గ్రేసన్. కబ్బన్ పార్క్ మెట్రో ప్లాట్‌ఫాం మీద నిలబడి నేను గొంతు చించుకుంటున్నాను, ఈయన్ను ఇవాళే పంపించేయాలని. నా పక్కన చిత్తూరు పెద్దాయన ఒకరు. ప్రభుత్వ రంగ కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు, కుర్రతనంలో అక్కడి జట్టుకు ఆడారు. వేరుశనక్కాయల పొట్లం నాకు అందిస్తూ ఆయన ఒకే ఒక ప్రశ్న వేశారు. "నాయనా, బంతి పోయాక మనవాళ్లు వెనక్కి పరిగెత్తుతున్నారా, నడుస్తున్నారా? చూశావా?"

చూడలేదు. నేను చూసింది పట్టిక. పరిగెత్తుతున్నారని, పరిగెత్తినంతకాలం కోచ్ మాట చెల్లుతున్నట్టేనని ఆయన అన్నారు. మసాలా దోసె పందెం కాశాం.

తర్వాత జరిగింది మీకు తెలుసు. లీగ్ దశలో చివరి ఎనిమిది మ్యాచ్‌లూ వరసగా గెలిచి జట్టు నాలుగో స్థానానికి ఎగబాకింది. ప్లేఆఫ్‌లో సునీల్ ఛెత్రీ ఫ్రీకిక్ గోల్ మీద గొడవై కేరళ జట్టు మైదానం వదిలి వెళ్లిపోయింది. (ఛెత్రీ పుట్టింది సికింద్రాబాద్‌లోనని ఇక్కడి కన్నడ మిత్రులకు నేను వారానికొకసారి గుర్తుచేస్తుంటాను.) సెమీఫైనల్లో ముంబైని పెనాల్టీల్లో దాటారు. 2023 మార్చి 18న గోవాలో ఫైనల్ 2-2 దగ్గర ఆగి, పెనాల్టీల్లో మోహన్ బగాన్‌కు పోయింది. నేను తీసేయమన్న మనిషి జట్టును కప్పుకు జానెడు దూరం దాకా తీసుకెళ్లాడు. దోసె తినిపించాను.

ఇక్కడితో ఆపితే ఇది ఓపిక గురించిన నీతికథ అయిపోతుంది. అలా ఆపడం నాకిష్టం లేదు, ఎందుకంటే మళ్లీ డిసెంబరు వచ్చింది. 2023 డిసెంబరు 8న కంఠీరవలోనే ముంబై చేతిలో 4-0. వీరాభిమానులు కూర్చునే వెస్ట్ బ్లాక్‌లో డప్పు మోగుతూనే ఉంది కానీ, కొడుతున్నవాళ్లకే అది ఎందుకో తెలియనట్టు ఉంది. ఈసారి బుద్ధి తెచ్చుకున్న నేను ఆగుదాం అన్నాను. పెద్దాయన తల అడ్డంగా ఊపారు. "నాలుగో గోల్ పడ్డాక బంతిని వలలోంచి తీసి మధ్యకు పరిగెత్తుకొచ్చేవాడు కనిపించాడా నీకు? ఇక చాలు." మళ్లీ దోసె పందెం. మర్నాడే గ్రేసన్‌ను సాగనంపారు. కొత్తగా వచ్చిన జెరార్డ్ జరగోసా మనకు కొత్తవాడేమీ కాదు. 2019లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన కార్లెస్ క్వాద్రత్‌కు సహాయకుడిగా పనిచేసినవాడే. కప్పు తెచ్చిన ఆ క్వాద్రత్‌ను కూడా రెండేళ్లు నిండకుండానే, 2021 జనవరిలో, వరసగా మూడు ఓటములయ్యాక పంపించేశారు. ఆ సీజన్ ఏడో స్థానంలో ముగిసింది.

మరి 2023-24లో కోచ్‌ను మార్చి ఏం సాధించాం? 12 జట్లలో పదో స్థానం. "చూశారా, నేను చెప్పలేదూ" అని నేను ఫోన్ చేశాను. పెద్దాయన నవ్వి, "సీజన్ మధ్యలో వచ్చినవాడు ఎవరో ఏరిన కూరగాయలతో వంట చేయాలి, వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. ఆ వచ్చే ఏడాది అదే జరగోసాతో జట్టు ఫైనల్‌కు చేరింది. 2025 ఏప్రిల్‌లో కోల్‌కతాలో అదనపు సమయం దాకా పోరాడి 2-1తో ఓడింది.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. బ్యాంకువాణ్ణి కదా, క్షమించండి. నెదర్లాండ్స్ ఆర్థికవేత్తలు ఇద్దరు తమ దేశపు అగ్రశ్రేణి లీగ్‌లో పధ్నాలుగు సీజన్లు తిరగేశారు. సీజన్ మధ్యలో కోచ్‌ను మార్చిన జట్లు తర్వాత మెరుగుపడ్డాయి. అయితే వాళ్లు అక్కడితో ఊరుకోలేదు. అంతే ఘోరంగా ఓడుతూ కూడా కోచ్‌ను మార్చని జట్లను పక్కన పెట్టి చూశారు. అవీ దాదాపు అంతే మెరుగుపడ్డాయి!

ఇందులో మాయ ఏమీ లేదు. జలుబుకు మందు వేస్తే వారంలో, వేయకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని మన ఇళ్లలో అంటుంటాం. నాలుగో రోజు, ముక్కు కారడం ఎక్కువగా ఉన్నప్పుడే కదా వైద్యుణ్ణి మార్చేది? ఏడో రోజు తగ్గితే ఆ పేరు కొత్త వైద్యుడిది. కోచ్ సంగతీ ఇంతే. పోస్టుకు తగిలిన బంతి, చేయి జారిన గోల్‌కీపరు, ఇద్దరు గాయపడ్డ డిఫెండర్లు, ఇవన్నీ ఒక్కసారి కలిసొచ్చినప్పుడు మనకు ఓపిక నశిస్తుంది. అవన్నీ ఎప్పటికీ కలిసే ఉండవు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు. ఆ వింత ఎంతకాలం నిలుస్తుందో ఎవరూ చెప్పలేదు.

ఈ మాట అనగానే ఎవరో ఒకరు ఇంగ్లండులో మాంచెస్టర్ యునైటెడ్‌కు కోచ్‌గా చేసిన ఫెర్గూసన్ పేరు తీస్తారు. 1989-90లో మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులే ఆయన్ను పొమ్మని బ్యానరు పట్టుకున్నారు, అదే సీజన్‌లో ఆయన ఎఫ్ఏ కప్ గెలిచాడు, ఆ తర్వాతది చరిత్ర. నిజమే. కానీ అలాగే ఓపిక పట్టి కిందికి పోయిన జట్ల కోచ్‌ల పేర్లు మనకు గుర్తుండవు. లాటరీ తగిలినవాణ్ణి చూపించి టికెట్టు కొనమన్నట్టుంటుంది ఆ వాదన. పైగా దానికి ఎదురు ఉదాహరణ చేతిలోనే ఉంది. 2012 మార్చిలో లండన్ జట్టు చెల్సీ తన కోచ్ విలాస్-బోయస్‌ను తీసేసి సహాయకుడు డి మాటియోకు పగ్గాలిచ్చింది, మే నెలలో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. నవంబరులో ఆ డి మాటియోనూ తీసేసింది!

నాకు ఫెర్గూసన్ కన్నా మన హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం మీద గురి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 10-1తో ఓడింది. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. జట్టుకు కోచ్ రహీం. పది గోల్స్ అండీ! ఇవాళ అయితే విమానం దిగకముందే ఆయన ఉద్యోగం ఊడేది. నాలుగేళ్లకు 1956 మెల్‌బోర్న్‌లో అదే రహీం శిక్షణలో భారత్ సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. ఈ మధ్యలో మారింది పాదాలకు బూట్లు. తప్పు ఎక్కడుందో వెతికినవాళ్లు కాళ్ల దాకా వెళ్లారు, కోచ్ కుర్చీ దగ్గర ఆగిపోలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియాకు 2-0తో ఓడారు. రహీం కంగారు పడలేదు. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించారు, అందులో ఒక గోల్ జర్నైల్‌ది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు.

ఇక అత్త మీద కోపం దుత్త మీద చూపే సందర్భాలు వేరే ఉన్నాయి. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, రెండేళ్లు తిరిగేసరికి 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది. జీతాల చిక్కులతో ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో కోచ్ తంగ్బోయ్ సింగ్టో జట్టును మైదానంలోకి దింపగలగడమే గొప్ప. అక్కడ కోచ్‌ను మార్చండి అని అరిచినవాణ్ణి నేను అభిమాని అనను.

తీసేయడమే సరైన పని అయిన రోజులూ ఉంటాయి. ఇంగ్లండులో జట్టు కింది శ్రేణికి జారితే టీవీ డబ్బు కోట్లలో పోతుంది, అందుకే ఫిబ్రవరిలో భయపడి కోచ్‌ను మార్చడంలో అర్థముంది. మన ఐఎస్‌ఎల్‌లో గ్రేసన్ నాటికి ఆ భయం లేదు. మరి సీజన్ మధ్యలో తొందరెందుకు, వేసవిలో కొత్తవాడికి ఆటగాళ్లను ఎంచుకునే వీలిచ్చి తెస్తే పోలేదా అన్నది నా వాదన. ఆటగాళ్లు వినడం మానేశాక వేసవి దాకా ఆగడం అంటే పాలు విరిగాయని తెలిసి కూడా కాఫీ పెట్టడమని పెద్దాయన వాదన. "తీసేయండి" అన్నవాణ్ణి నేనిప్పుడు వెంటనే అడుగుతాను, వచ్చేదెవరని. పేరు చెప్పలేకపోతే టాపిక్ మార్చేస్తాను.

ఇంతకీ రెండో దోసె సంగతి. పదో స్థానం వచ్చింది కాబట్టి నేను గెలిచానంటాను. ఫైనల్‌కు వెళ్లాం కాబట్టి తానే గెలిచానని ఆయన అంటారు. పందెం ఏ సీజన్‌కు కాశామో ఆ రాత్రి ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆయన ఇవాళ మూడో వరసలోనే కూర్చున్నారు. సభ అయ్యాక కింద హోటల్‌కు వెళ్తున్నాం, బిల్లు ఎవరు కట్టాలో ఇంకా తేలలేదు.