స్టాపు దాకా ఎంతసేపు? మ్యాప్‌లో ఐదు నిమిషాలు, నెల్లూరు రోడ్డు మీద ఎన్ని?

[తెర: నెల్లూరు మ్యాప్. ఒక బస్సు స్టాపు చుట్టూ 400 మీటర్ల గుండ్రటి గీత.]

గొంతు: ఈ గీత లోపల ఇల్లున్న వాళ్లందరికీ బస్సు "ఐదు నిమిషాల దూరం" అని లెక్క వేస్తారు. మనిషి నిమిషానికి 80 మీటర్లు నడుస్తాడు, 400ను 80తో భాగిస్తే ఐదు. లండన్ రవాణా లెక్కల్లోనూ నడక వేగం ఇదే. అక్కడ బస్సుకైతే 640 మీటర్లు, అంటే ఎనిమిది నిమిషాలు, రైలుకైతే 960 మీటర్లు, అంటే పన్నెండు నిమిషాల దాకా నడవొచ్చని పెట్టుకున్నారు.

భాగహారంలో తప్పేం లేదు. తప్పంతా ఆ గుండ్రటి గీతలోనే ఉంది. కాకి ఎగిరినట్టు మనం ఎగరం కదా!

[తెర: గీత లోపల సందులు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. మెలికలు తిరిగిన దారి.]

గొంతు: సందు చివర మలుపు, ఆ పక్క ఎవరిదో ప్రహరీ, దాన్ని చుట్టి మెయిన్ రోడ్డు. మామూలు పేటల్లో నేరు దూరానికి అసలు నడక 1.2 నుంచి 1.4 రెట్లు ఉంటుంది. 1.3 వేసుకుంటే 400 కాస్తా 520 మీటర్లు, ఆరున్నర నిమిషాలు. అదీ కుర్రాళ్లకి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ నిమిషానికి 55 మీటర్లు నడిచిందనుకోండి, తొమ్మిదిన్నర నిమిషాలు. అదే ఇల్లు, అదే స్టాపు.

[తెర: ఊరి మధ్యగా రైలు పట్టాలు. మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జిల మీద చుక్కలు.]

గొంతు: నెల్లూరులో అసలు చిక్కు ఇదిగో, ఈ పట్టాలు. స్టాపు పట్టాల అవతల 150 మీటర్లలో కనబడుతుంటుంది. కానీ దాటాలంటే అండర్ బ్రిడ్జి దాకా పోయి, కిందికి దిగి, అవతల ఎక్కి, మళ్లీ వెనక్కి రావాలి. బ్రిడ్జి 300 మీటర్ల పక్కకుంటే 150 మీటర్లు 750 అవుతాయి. ఇక్కడ 1.3 రెట్లు కాదు, ఐదు రెట్లు. పట్టాలు, కాలువ, హైవే ఉన్నచోట రెట్ల లెక్క వదిలేసి దారిని కొలవాల్సిందే. పట్టాల మీదుగా అడ్డంగా దాటే సమయాన్ని మాత్రం లెక్కలో వేయకండి. అది దారి కాదు.

పెద్ద వాన పడితే ఈ బ్రిడ్జిల కింద నీళ్లు నిలుస్తాయని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ రోజు మీ స్టాపు ఇంకో స్టాపు. కాబట్టి వాన రోజు దారిని వేరుగా కొలిచి పెట్టుకోండి.

[తెర: సిగ్నల్ దగ్గర నిలబడ్డ జనం. మూలన గడియారం.]

గొంతు: రోడ్డు దాటడం. సిగ్నల్ 90 సెకన్లకోసారి తిరిగి, నడిచేవాళ్లకి 20 సెకన్లు ఇస్తోందనుకుందాం. సగటున ఆగేది 27 సెకన్లే, కానీ ఖర్మ కాలితే 70. సిగ్నలే లేనిచోట ఎంతసేపు ఆగాలో ట్రాఫిక్ దయ. ఫుట్‌పాత్‌కి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలని రోడ్డు ప్రమాణాలు చెబుతాయి. దాని మీద బైకులు, తోపుడు బండ్లు ఉంటే మీరు దిగి రోడ్డు మీదే నడుస్తారు, వేగం అక్కడే పడిపోతుంది. పైగా బస్సు షెల్టర్ దగ్గర కాకుండా 50 మీటర్లు ముందుకెళ్లి ఆగితే ఇంకో 40 సెకన్లు.

[తెర: ఫోన్‌లో స్టాప్‌వాచ్. కాగితం మీద అంకెలు: 8, 8, 9, 9, 9, 10, 10, 11, 13, 17.]

గొంతు: ఇప్పుడు మీరే కొలవండి. గేటు దగ్గర కాదు, ఇంట్లో చెప్పులు వేసుకునే చోటే నొక్కండి. మూడో అంతస్తు మెట్లు కూడా ప్రయాణమే. బస్సు ఆగే చోట ఆపండి. మీరెక్కే వేళలోనే, పది రోజులు. ఆదివారం పొద్దున కొలిచిన అంకె సోమవారానికి పనికిరాదు.

ఈ పది అంకెల సగటు 10.4. సగటు చూసి పది నిమిషాల ముందు బయల్దేరితే పదింట మూడుసార్లు బస్సు పోతుంది: 11, 13, 17 పట్టిన రోజుల్లో. అందుకే పెద్దదాని తర్వాతి అంకె, 13, తీసుకోండి. ఒక్కసారే పోతుంది.

మరి రోజూ మూడు నిమిషాలు అదనంగా నిలబడటం దండగ కాదా? అది బస్సును బట్టి. మీది గంటకో పల్లెవెలుగు అయితే పది రోజుల్లో 30 నిమిషాలు ఖర్చు పెట్టి, తప్పిపోయే రెండు బస్సులు, అంటే రెండు గంటలు మిగుల్చుకుంటారు. పది నిమిషాలకో బస్సున్న రూటైతే అదే 30 నిమిషాలకు మిగిలేది 20. అక్కడ గడియారం చూడకుండా బయల్దేరండి, ఏం కాదు.

[తెర: ఊరి మలుపు, షేర్ ఆటో, లోపల ఇద్దరే.]

గొంతు: హైవేకి రెండు మూడు కిలోమీటర్లు లోపలున్న ఊళ్లకి ఈ లెక్క చాలదు. స్టేజీ దాకా ఆటో ఎక్కాలి. ఆటో నడిచేది ఆరు నిమిషాలే, సీట్లు నిండేది ఎప్పుడో! మొదట ఎక్కినవాడికి ఇరవై నిమిషాలు, చివర ఎక్కినవాడికి సున్నా. పొద్దున కాలేజీ పిల్లల వేళ చకచకా నిండుతుంది, మధ్యాహ్నం అదే ఆటో చెట్టు కింద కునుకు తీస్తుంది. అందుకే పొద్దున అంకెలు, మధ్యాహ్నం అంకెలు ఒకే కాగితం మీద కలపకండి. స్టాప్‌వాచ్ ఆటో కదిలినప్పుడు కాదు, మీరు ఇల్లు కదిలినప్పుడే నొక్కండి.