ఎపిసోడ్ 61: ‘అరవ అతి’ అనకుండా ఒక్క రివ్యూ

శ్రీను: రికార్డవుతోందిగా? సరే. నమస్కారమండీ, 61వ ఎపిసోడ్. ముందే మాటిస్తున్నా, ఈ రోజు విషయం దాటి వేరే ప్రస్తావన రాదు.

కవిత: మొన్న గూడ గట్లనే అన్నవ్ శీనన్నా.

శ్రీను: రాదు. ఈసారి విషయం ఇదీ: బయటివాళ్ళు మన సినిమా మీద రాసేటప్పుడు తెర మీదున్నది చూసి రాస్తారా, మన మీద ముందే పెట్టుకున్న అభిప్రాయం తీసి రాస్తారా? 1958 నుంచి మొదలెడతాను.

కవిత: అమ్మో, చరిత్ర క్లాసు.

శ్రీను: మూడే ముక్కలు. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ అమెరికాలో విడుదలైనప్పుడు న్యూయార్క్ టైమ్స్‌లో బాస్లీ క్రౌథర్ రాశాడు. అల్లిక వదులు, నడక మందం, హాలీవుడ్ ఎడిటర్ల దగ్గర ఇది రఫ్ కట్‌గా, అంటే ఇంకా పూర్తిగా ఎడిట్ చెయ్యని ముడి కూర్పుగా కూడా గట్టెక్కడం కష్టం అని. మెచ్చుకున్న సంగతులూ ఉన్నాయి అందులో, లేవనను. కానీ తూకపు రాయి ఎక్కడిదో చూడు.

కవిత: స్లో ఉన్నదంటే తప్పా మరి?

శ్రీను: స్లో అనడం తప్పు కాదు. ఏ షాటు ఎందుకు సాగిందో చెప్పి స్లో అను. హాలీవుడ్ ఎడిటర్ ఒప్పుకోడంటే అది సినిమా గురించి చెప్పినట్టు కాదు, తన అలవాటు గురించి చెప్పినట్టు. రెండోది 2022 మార్చి, పిక్సార్ ‘టర్నింగ్ రెడ్’. టొరంటోలో చైనా మూలాలున్న పదమూడేళ్ళ పిల్ల కథ. ఆ ఊరి ఆసియా వాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఎక్కదు, చూస్తుంటే అలసట వస్తుంది అన్న ధోరణిలో సినిమాబ్లెండ్‌లో రివ్యూ వచ్చింది. గోలయ్యాక సైటు దాన్ని తీసేసి క్షమాపణ చెప్పుకుంది.

కవిత: అదే బొమ్మల సినిమాల చేప మాట్లాడితే అందరికి ఎక్కుతది. టొరంటో పిల్ల మాట్లాడితే ఎక్కదు.

శ్రీను: అద్దీ. మూడోది 2002, అమెరికాలో సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్. ‘బెటర్ లక్ టుమారో’ ప్రదర్శన అయ్యాక ఒకాయన లేచి, ఆసియన్ అమెరికన్ల మీద ఇంత నీతిలేని సినిమా ఎందుకు తీశారని అడిగాడు. అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ లేచి నిలబడి, తెల్లవాళ్ళ సినిమా అయితే ‘మీ జాతికి ఇలా చేస్తారా’ అని ఎవరైనా అడుగుతారా అని అరిచినంత పని చేశాడు. అంటే ఒక పక్క మనది మనకే ఎక్కుతుందంటారు, ఇంకో పక్క మనం తీసిన ప్రతిదీ మన జాతి మొత్తానికి క్యారెక్టర్ సర్టిఫికెట్ అయ్యుండాలంటారు. ఇక ఆర్ఆర్ఆర్‌ని బాలీవుడ్ అన్న సంగతికొస్తే...

కవిత: ఆగు. ఆర్ఆర్ఆర్‌ని బాలీవుడ్ ఎందుకన్నరో తెలుసా? వాళ్ళు చూసిన వెర్షన్, అంటే ఫైల్.

శ్రీను: వచ్చేసింది. రికార్డింగ్ చూసేది నువ్వే కదా, ఎన్ని నిమిషాలైంది బాబీ? నాలుగు? నాలుగు నిమిషాల్లోనే ఫైల్ వచ్చేసింది.

కవిత: నవ్వుకో. 2022 మే 20న నెట్‌ఫ్లిక్స్‌ల వచ్చింది హిందీ డబ్బింగ్. తెలుగు జీ5ల ఉండె. అమెరికాల ఇంట్ల కూసుండి చూసినోళ్ళల్ల మస్తు మంది విన్నది హిందీ. చెవుల హిందీ పడుతుంటే బాలీవుడ్ అనుకుంటరు. రాజమౌళి 2023 జనవరిల అమెరికా డైరెక్టర్స్ గిల్డ్ (దర్శకుల సంఘం) షోల ఇది బాలీవుడ్ కాదు, తెలుగు సినిమా అని చెప్పిండు. మార్చిల ఆస్కార్ స్టేజి మీద మళ్ళ బాలీవుడ్ అనే అన్నరు.

శ్రీను: అయితే తప్పు నెట్‌ఫ్లిక్స్‌దా, రాసినవాడిదా?

కవిత: చూసింది డబ్బింగ్ అని మొదటి పేరాల రాయకపోవుడు రాసినోడి తప్పు. భీమ్ తెలంగాణ యాస మాట్లాడుతడు, రామ్ మాట్లాడడు. ఇద్దరి నడుమ ఊరు తేడా, పెంపకం తేడా నోట్లెనే తెలుస్తది. హిందీ డబ్బింగ్ కూడ ఇద్దరు హీరోలు సొంత గొంతుతోనే చెప్పిన్రు, గాని ఆ తేడా అండ్ల ఉంటదా? అటెనుక పాత్రలు పైపైన ఉన్నయని రాస్తరు. సబ్‌టైటిల్ అయితే ఇంకా ఘోరం. నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లీష్ లెక్క ప్రకారం లైనుకు 42 అక్షరాలు, రెండే లైన్లు, పెద్దోళ్ళ సినిమాకు సెకనుకు 20 అక్షరాలు. మూడు సెకన్ల డైలాగుకు 60 అక్షరాలన్నట్టు, స్పేసులు కలుపుకొని. మనోడు మూడు సెకన్లల ఎంత మాట్లాడుతడు?

శ్రీను: గోదావరి వాడైతే ఓ పేజీ.

కవిత: అందుకే సబ్‌టైటిల్ రాసెటోడు కోసేస్తడు. మొదలు పోయేది వరుసలు, బావా, అక్కా, ఓరేయ్ అన్నియి. తెర మీద నోరు కదులుతనే ఉంటది, కింద నాలుగు మాటలు. చూసెటోనికి యాక్టింగ్ ఓవర్ అనిపిస్తది. ‘లౌడ్’ అని రాస్తరు గదా మన సినిమాల మీద, అండ్ల సగం ఫైల్ పాపమే.

శ్రీను: మిగతా సగం నిజంగా లౌడే. ఒప్పుకో.

కవిత: ఒప్పుకుంట. సగం లౌడే.

శ్రీను: ఇంకోటి. ఆర్ఆర్ఆర్ మీద వచ్చిన ప్రతి విమర్శనీ వివక్ష అనేస్తున్నారు ఫ్యాన్స్. అది కుదరదు. చివర్లో భీమ్ ఏం కావాలని అడిగితే చదువు నేర్పమంటాడు. కొమురం భీమ్ జీవితచరిత్రల్లో విఠోబా అనే ఆయన దగ్గర చదవడం రాయడం నేర్చుకున్నాడని ఉంటుంది. గోండు వీరుణ్ణి అమాయకుడిగా, రామ్‌ని గురువుగా నిలబెట్టారని అడిగినవాళ్ళు ఫలానా సీను చూపించి అడిగారు. అది విమర్శకుడి పని, వివక్ష కాదు.

కవిత: అది రైటే. నేనొక్కటి అడుగుతా, కోపానికి రావద్దు. అమెరికావోళ్ళను ఇంత కడుగుతున్నం. మనోళ్ళ రివ్యూలు తెరువు. తమిళ డబ్బింగ్ సినిమా మీద పది రివ్యూలు చదువు, ‘అరవ అతి’ ఎన్నిట్ల ఉన్నదో చూడు.

శ్రీను: అది సరదాగా వాడే మాట.

కవిత: సరదానా? క్రౌథర్ గూడ సరదాకే రాసిండనుకో మరి.

శ్రీను: రెండూ ఒకటెలా అవుతాయి? అక్కడ మనల్ని చూసే పెద్ద దేశం, ఇక్కడ పక్క రాష్ట్రం...

కవిత: పని ఒకటే గదా అన్నా! తల్లి ఏడ్చే సీన్ల కెమెరా మొఖం మీద ఎంతసేపు ఉన్నది, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఎక్కడ మొదలైంది, ఏడుపు ముందు సీన్ల నిలబడ్డదా లేదా, ఇయ్యేమి రాయరు. ‘అరవ అతి’ అని రెండు మాటలు పడేస్తరు. సీన్ చెడిపోయిందన్న సంగతి పోయి, తమిళోళ్ళు గట్లనే ఏడుస్తరన్నట్టయితది. అదే ఏడుపు మన హీరో ఏడిస్తే ‘పండించాడు’.

శ్రీను: ‘పండించాడు’ అన్నది నిజమే. అది ఒప్పుకుంటా.

కవిత: గిదొక్కటేనా. తెలంగాణల తీస్తే ‘రా అండ్ రస్టిక్’. ‘దసరా’ బొగ్గు బాయిల కాడి కథ, రస్టిక్ అన్నరు, సరే. ‘బలగం’ సావు ఇంట్ల కథ, ఇద్దరు కొడుకులు, బిడ్డ, అల్లుడు, అలకలు. అండ్ల రస్టిక్ ఏమున్నది? అదే అలకలు పట్నంల అపార్టుమెంట్ల పెడితే ఫ్యామిలీ డ్రామా అంటరు. ఆ సినిమా లెక్కనే మూడొద్దులు, ఐదొద్దులు, పదకొండొద్దుల మీద నడుస్తది. ప్రతిసారి పిట్ట ముట్టదు, ప్రతిసారి ఇంట్ల పంచాది ఒక మెట్టు పైకెక్కుతది. ఆ లెక్క తెల్వనోడు ‘రిపీట్ అయింది’ అని రాస్తే స్క్రీన్‌ప్లే చదువుడు రాలేదన్నట్టు.

శ్రీను: సీమకి ఇంకా అన్యాయం. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’. మూడేళ్ళ వ్యవధిలో బాక్సాఫీసు కోసం కట్టిన సీమ అది. అప్పట్నుంచీ రివ్యూల్లో అదే అసలు సీమ అయిపోయింది. కత్తి లేకుండా అనంతపురం కథ తీస్తే ‘నేటివిటీ మిస్సయింది’ అంటారు. ఏ నేటివిటీ? సినిమాలోంచి నేర్చుకున్న నేటివిటీ. పల్లీ చేనుందా, బోరు ఎండిందా, మనిషి మాటలో సీమ ఉందా, చూడరు.

కవిత: ఇప్పుడు నా తోవకొచ్చినవ్. ఇగ బి, సి సెంటర్లు.

శ్రీను: అయిపోయింది నా టాపిక్.

కవిత: ‘బి, సి సెంటర్లలో ఆడుతుంది’ అని ఎవలన్న రాస్తే నాకు నెత్తి తిరుగుతది.

శ్రీను: అది నేను చెప్తా, నా ఏరియా. అసలది పంపిణీదారుల లెక్క. ఏ అంటే సిటీలు, జిల్లా కేంద్రాలు. బి అంటే మున్సిపల్ టౌన్లు. సి అంటే పల్లెటూరి హాళ్ళు, టూరింగ్ టాకీసులు. ఎందుకలా విడగొట్టారంటే ప్రింట్లు. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, వెయ్యడుగుల రీలు లెక్కన పద్నాలుగు డబ్బాలు. అలాంటి సెట్లు ఊరికొకటి తియ్యలేరు, ఖర్చు. అందుకని ఏ సెంటర్లో ఆడి దిగిన ప్రింటు బికి, అక్కణ్ణుంచి సికి వెళ్ళేది.

కవిత: అప్పటికి గీతలు.

శ్రీను: గీతలే కాదు. తెగినప్పుడల్లా ఆపరేటరు కొంత కత్తిరించి అతికిస్తాడు. అతుకు పడ్డ చోటల్లా మాటో, మ్యూజిక్కో ఎగిరిపోతుంది. సౌండు ట్రాకు ఫిల్ము అంచు దగ్గరే ఉంటుంది కాబట్టి అరిగేకొద్దీ గరగర. సి సెంటరు ప్రేక్షకుడు చూసింది అదీ. డైలాగు సగమే వినపడే హాల్లో కూర్చున్నవాడు ఫైటుకి విజిలేస్తే, వాడికి కథ అక్కర్లేదు, ఫైట్లుంటే చాలని తీర్పు రాసేశారు.

కవిత: ఆఁ. గది గట్టిగ చెప్పు.

శ్రీను: ఇప్పుడు క్యూబ్, యూఎఫ్ఓ లాంటి డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక మండల కేంద్రంలో ఆడే ఫైలూ హైదరాబాద్‌లో ఆడే ఫైలూ ఒకటే, రోజూ ఒకటే. ఆ విభజనకి ఆధారమే పోయింది. మాట మాత్రం రివ్యూల్లో ఉండిపోయింది. ఇప్పుడు దానర్థం ఊరు కాదు. ‘నాకంటే తక్కువ బుర్ర ఉన్నవాళ్ళకి’ అని.

కవిత: పైసలు అంతే పెట్టి టికెట్ కొంటడు, వానికి బుర్ర తక్కువంట.

శ్రీను: మాస్, క్లాస్ అన్నా అంతే.

కవిత: మాస్ వేరే అన్నా. మాస్ అని హీరోనే చెప్పుకుంటడు, ఫ్యాన్స్ చెప్పుకుంటరు.

శ్రీను: వాళ్ళు చెప్పుకోవడం వేరు. ‘మాస్ ఆడియన్స్‌కి లాజిక్ అక్కర్లేదు’ అని రివ్యూ రాయడం వేరు.

కవిత: ఊఁ. సరే.

శ్రీను: అయితే రివ్యూ రాసేవాళ్ళేం చెయ్యాలి? తిట్టి వదిలేస్తే ఎలా? శుక్రవారం పొద్దున ఏడింటికి షో చూసి, పదింటికి రివ్యూ పెట్టాలి. ఆ మూడు గంటల్లో తయారుగా ఉన్న మాటలే చేతికొస్తాయి. అందులో సగం ఆ టైము తప్పు.

కవిత: పోస్ట్ చేసే ముందు పది నిమిషాలు సాలు. రాసింది మొత్తం ఒక్కసారి చదువు, ప్రేక్షకుల గురించి ఉన్న వాక్యాలన్ని రంగు పెట్టు. ‘ఓవర్సీస్ వాళ్ళకి నచ్చుతుంది’, ‘లేడీస్‌కి కనెక్ట్ అవుతుంది’ అసొంటియి. సగం రివ్యూకు రంగు పడితే సినిమా గురించి రాయనట్టే. ఒక్కోదాని జాగల ఒక సీన్ పెట్టు. సీన్ యాదికి రాకపోతే కొట్టెయ్యి.

శ్రీను: ఊరు మార్చి చూడటం కూడా. ‘శ్రీకాకుళం యాసలో కామెడీ పండింది’ అని రాశావనుకో. శ్రీకాకుళం తీసి విజయవాడ పెట్టు. వాక్యం వింతగా ఉందా? విజయవాడ మాటలో కామెడీ పండింది అని ఎవడూ రాయడు, ఎందుకంటే దాన్ని యాస అనుకోం. అంటే నవ్వు జోకు నుంచి వచ్చిందా, మాట తీరు నుంచే వచ్చిందా అన్నది నువ్వు చూడలేదన్నమాట.

కవిత: ‘ఫిదా’ల ఈ తేడా మంచిగ కనపడుతది. బాన్సువాడ పిల్ల భానుమతి, సాయిపల్లవి సొంత గొంతే. నవ్వు ఆ పిల్ల చెప్పే మాటకు వస్తది, యాసకు కాదు. అంతకుముందు అదే యాస కమెడియన్‌కో, రౌడీకో ఇచ్చెటోళ్ళు. ఏండ్లకేండ్లు రివ్యూలల్ల ఎవలన్న అడిగిన్రా, ఈ యాస హీరోకు ఎందుకు లేదని?

శ్రీను: అడిగినవాళ్ళున్నారు. పత్రికల్లో వ్యాసాలొచ్చాయి.

కవిత: వ్యాసాలల్ల అడిగిన్రు. శుక్రవారం రివ్యూల అడుగలే.

శ్రీను: పోలిక దగ్గర కూడా జాగ్రత్త ఉండాలి. మరాఠీ సినిమా ఏదొచ్చినా ‘సైరాట్’తో, ఉత్తరాంధ్ర సినిమా ఏదొచ్చినా ‘పలాస’తో పోలుస్తారు. ఊరు ఒకటైతే పోలికా? కథ నడిచే పద్ధతి బట్టి పోల్చు. ‘కేరాఫ్ కంచరపాలెం’లో నాలుగు ప్రేమకథలు పక్కపక్కనే నడిచి చివర్లో ఒకే మనిషి దగ్గర కలుస్తాయి. దాన్ని పోల్చాల్సింది అలా అల్లిన సినిమాలతో, వైజాగ్‌లో తీసిన సినిమాలతో కాదు.

కవిత: సస్పెన్స్ చెప్పేసినవ్ గదా.

శ్రీను: 2018 సినిమా. ఇంకా చూడకపోతే నా తప్పా?

కవిత: మెయిల్స్ వస్తయి సూడు, నువ్వే జవాబు రాయాలె. ఇంకోటి, ఏ వెర్షన్ చూసినవో మొదటి పేరాలనే రాయాలె. ఏ భాష, డబ్బింగా, సబ్‌టైటిలా...

శ్రీను: ఫైల్ మూడోసారి. బాబీ, లెక్క రాసుకో.

కవిత: మలయాళం సినిమాలు తెలుగు డబ్బింగ్‌ల చూసి ‘డైలాగులు సహజంగా లేవు’ అని రాస్తరు. పెదాలకు సరిపోవాలని డబ్బింగ్ రైటర్ మాట తిప్పిండు, ఆ రైటర్‌ను అను. అండ్ల మలయాళం రైటర్ ఏం జేసిండు?

శ్రీను: ఇదొక్కటీ నూటికి నూరు పాళ్ళు కరెక్టు. బయట లెక్క ఒకటి చెప్పి ముగిస్తా. 2018లో అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆనెన్‌బర్గ్ పరిశోధకులు, రివ్యూలన్నీ ఒకచోట చేర్చే రాటెన్ టొమాటోస్ సైటులో 2017 టాప్ 100 సినిమాల రివ్యూలు లెక్కేశారు. 77.8 శాతం మగవాళ్ళు రాసినవే. ఆ ఏడాదే ఆ సైటు విమర్శకుల్ని తీసుకునే నిబంధనలు మార్చింది. మన దగ్గర అలాంటి లెక్క ఎవరైనా వేస్తే...

కవిత: మనకు శాతం ఎందుకు, మనకు 2.75 ఉన్నది.

శ్రీను: రేటింగ్ జోలికి పోవద్దు.

కవిత: మూడు ఇస్తే కొట్లాట, రెండున్నర ఇస్తే కొట్లాట, అందుకే 2.75. గదే 2.75 తమిళ డబ్బింగ్‌కు అయితే 2.25 అయితది, చూడు కావాలంటే.

శ్రీను: లెక్క లేకుండా ఆరోపణ చెయ్యకు.

కవిత: లెక్క తీద్దాం. ఈ ఏడాది డబ్బింగ్‌లన్ని ఒక షీట్‌ల పెడుతా, నువ్వు స్ట్రెయిట్ సినిమాలు పెట్టు.

శ్రీను: నేనెందుకు స్ట్రెయిట్? అవి మూడింతలుంటాయి.

కవిత: నువ్వే గదా చరిత్ర మాస్టారువు.

శ్రీను: బాబీ చెయ్యూపుతున్నాడు, కార్డు నిండిందట. షీటు సంగతి తర్వాత, కవితా, నేను ఒప్పుకోలేదు...

కవిత: ఒప్పుకున్నవ్, రికార్డ్ అయ్యింది.