కళ్లు తిరిగి పడబోతే మెడ ముందు రక్తనాళాన్ని ఎందుకు చూడాలి?

[తెరపై: ఆదోని పత్తి మార్కెట్ యార్డు. తూకం దగ్గర అరవై దాటిన రైతు.]

వ్యాఖ్యానం: చేతిలోని తూకం చీటీలో కుడివైపు అంకెలు ఉన్నట్టుండి కనిపించడం మానేశాయి. కాళ్లు తూలాయి, మాట ముద్దముద్దగా వచ్చింది. పది నిమిషాల్లో అంతా సర్దుకుంది. "ఎండకు పైత్యం చేసింటాది పెద్దాయనా, మజ్జిగ తాగు" అంటారు పక్కనున్నోళ్లు.

ఇది టీఐఏ కావచ్చు. అంటే మెదడులో ఒక భాగానికి రక్తం కాసేపు ఆగి, మళ్లీ అందడం. ఆ తర్వాత అసలు పక్షవాతం వచ్చే ముప్పు మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ. తగ్గిపోయింది కదా అని ఇంటికి పోకూడదు. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలకముందు ఆస్పిరిన్ వేయొద్దు. నాలుక కింద మాత్ర పెట్టి బీపీని ఒక్కసారిగా దించొద్దు.

[తెరపై: మెదడు రక్తనాళాల బొమ్మ]

మెదడుకు నాలుగు ధమనులు రక్తం తెస్తాయి. మెడ ముందు రెండు కెరోటిడ్‌లు, వెన్నుపూసల్లోంచి పైకి పోయే రెండు వెర్టిబ్రల్‌లు. ఈ వెర్టిబ్రల్‌లు రెండూ కలిసి బేసిలార్ ధమని అవుతాయి. చూపు కేంద్రం, చిన్నమెదడు, మెదడు కాండం బేసిలార్ వైపువి. అందుకే చూపు సగం పోయినా, తూలినా వెనక నాళాలనే అనుమానిస్తారు. చాలామందిలో అది సరైన అనుమానమే.

కొందరిలో కాదు. గర్భంలో నాలుగైదు వారాల పిండం పొడవు కొద్ది మిల్లీమీటర్లే. వెర్టిబ్రల్ ధమనులు ఇంకా ఏర్పడి ఉండవు. అప్పుడు మెదడు వెనక భాగానికి కెరోటిడ్ నుంచే ట్రైజెమినల్, హైపోగ్లోసల్ లాంటి అడ్డదారి ధమనుల ద్వారా రక్తం పోతుంది. సొంత దారి సిద్ధమయ్యాక ఇవి కొద్ది రోజుల్లోనే మూసుకుపోవాలి. ట్రైజెమినల్ ధమని మాత్రం వెయ్యి మందిలో సుమారు ఒకరి నుంచి ఆరుగురిలో మిగిలిపోతుంది. హైపోగ్లోసల్ ఇంకా అరుదు.

[తెరపై: రెండు కాలువలు, మధ్యలో పిల్లకాలువ]

రెండు కాలువల మధ్య పూడ్చాల్సిన పిల్లకాలువ అలాగే ఉండిపోతే, మొదటి కాలువలోని చెత్త రెండో కాలువ కింది పొలానికి చేరుతుంది. ఇక్కడా అంతే. దవడ కింద కెరోటిడ్ రెండుగా చీలేచోట కొవ్వు పేరుకుని, దాని మీంచి రక్తపు గడ్డ ముక్క ఊడితే, అడ్డదారిన బేసిలార్‌లోకి పోతుంది. జబ్బు మెడ ముందు, లక్షణం మెదడు వెనక. పైగా ఇలాంటివారిలో వెర్టిబ్రల్‌లు తరచూ సన్నగా ఉంటాయి. కెరోటిడ్ బాగా ఇరుకైతే వెనక భాగానికీ రక్తం చాలదు.

రిపోర్టులో ఇలాంటి అడ్డదారి ధమని పేరు కనిపించగానే బెంబేలెత్తాల్సిన పనిలేదు. ఇది ఉన్నవాళ్లలో చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. టీఐఏకు కారణం ఇదేనని అప్పుడే తేల్చేయకూడదు కూడా. గుండె లయ తప్పుతోందేమో ఈసీజీతో చూడాలి, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలూ చేయాలి.

[తెరపై: మెడ డాప్లర్, పక్కన సీటీ యాంజియో]

అసలు పొరపాటు జరిగేది ఇక్కడ. డాప్లర్ అంటే రక్త ప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్ పరీక్ష. మెడ డాప్లర్‌లో కెరోటిడ్ 70 శాతం ఇరుకని తేలుతుంది. లక్షణాలు వెనక భాగానివి కాబట్టి, "ఈ ఇరుకుకు దీనితో సంబంధం లేదు" అని పక్కన పెడతారు. డాప్లర్‌కు పుర్రె లోపలి అడ్డదారి కనపడదు. గుండె దగ్గరి బృహద్ధమని నుంచి నడినెత్తి దాకా సీటీ యాంజియో, అంటే రంగు మందు ఎక్కించి రక్తనాళాలను చూసే స్కాన్, తీస్తే కనిపిస్తుంది. కిడ్నీ జబ్బు ఉంటే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూసుకోవాలి. రంగు మందు ఇవ్వకుండా ఎంఆర్ యాంజియో కూడా తీయొచ్చు. దారి దొరికితే ఆ ఇరుకే దోషి కావచ్చు. అప్పుడు వైద్యం మారుతుంది: మందులతో పాటు, సాధారణంగా రెండు వారాల్లోపే పేరుకున్న కొవ్వును తీసేసే ఆపరేషనో, నాళాన్ని తెరిచి ఉంచే స్టెంటో ఆలోచిస్తారు.

ఆపరేషన్‌లో కెరోటిడ్‌ను కాసేపు క్లాంపుతో బిగిస్తారు. హైపోగ్లోసల్ ధమని ఉన్నవారిలో బేసిలార్‌కు కూడా ఆ కెరోటిడ్ నుంచే రక్తం వస్తుంటే, మెదడు కాండానికీ అదే సమయంలో సరఫరా ఆగుతుంది. ఆ సంగతి ముందే తెలిస్తే సర్జన్, బిగించిన చోటు దాటించి రక్తం పంపే షంట్ గొట్టం సిద్ధంగా పెట్టుకుంటారు. అందుకే కర్నూలుకో, అనంతపురానికో, కడపకో రెఫర్ చేస్తే రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా, స్కాన్ బొమ్మలున్న సీడీ కూడా అడిగి తీసుకెళ్లండి.